నాయిన సీసాలో మూసి నీళ్లు

2020 అక్టోబర్ 14 తెల్లవారుజామున సంగెం బ్రిడ్జి దగ్గర నా పాలబండి ఆగిపోయింది. బ్రిడ్జి అంటే పెద్దగా ఊహించుకోకండి. మూసి ఏటికి జానెడు పైన వేసిన లోలెవల్ బ్రిడ్జి. చౌటుప్పల్ వైపు నుంచి భువనగిరి పోవాలంటే మాకు అదే దారి. ఆ రోజు అది లేదు. ఉండాల్సిన చోట ఎర్రటి నీళ్లు చెట్లను, గడ్డివాములను, ఎవరిదో ఒక ఫ్రిజ్‌ను మోసుకుంటూ పోతున్నాయి. హైదరాబాద్‌లో ముందు రోజు పడిన వాన మా దగ్గరికి వచ్చింది.

బండిలో 22 క్యాన్ల పాలు. టెన్షన్‌తో నాయినకు ఫోన్ చేశాను. ఆయన పాల గురించి అడగలేదు.

"దిగకురా నీళ్లల్ల. ఏ రంగున్నయి?"

"ఎర్రగున్నయి నాయినా."

"అట్లనా! అయితే పై నీళ్లొచ్చినయి," అన్నాడు. గొంతులో కొంచెం సంబరం కూడా వినిపించింది. నా పాలు విరిగిపోతుంటే ఆయనకు సంబరం.

మా నాయిన ఊరి నీరటి. అంటే చెరువు తూము ఎప్పుడు తీయాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలి, ఎవరి వంతు ఎప్పుడు అయిపోయింది అని చూసేవాడు. చేతిలో పార, నడుముకు తువాల. పంట ఇంటికొచ్చాక రైతులు కల్లంలో ఇంత మేర, అంటే నీరటి వంతు గింజలు, కొలిచి ఇచ్చేవారు. ఆయన కంటే ముందు మా తాత అదే పని. నా దగ్గరికి వచ్చేసరికి మేర పోయింది, నేను స్టీరింగ్ పట్టుకున్నాను.

మాది వలిగొండ మండలంలో మూసి పక్క ఊరు. మా చెరువులోకి నీళ్లు వాన వల్ల వచ్చేవి కొన్ని, కత్వ నుంచి వచ్చేవి ఎక్కువ. కత్వ అంటే తెలియని వాళ్ల కోసం: ఏటికి అడ్డంగా రాళ్లతో కట్టిన పొట్టి గోడ. డ్యాము లాగా నీళ్లను ఆపి నిలబెట్టదు. కొంచెం ఎత్తు లేపి, పక్కన తవ్విన కాలువలోకి మళ్లిస్తుంది. మిగతా నీళ్లు గోడ మీద నుంచి దూకి కిందికి పోతాయి. ఆ కాలువ ఒక చెరువును నింపి, దాని మత్తడి నుంచి ఇంకో చెరువుకు పోతుంది. మా దిక్కు భీమలింగం కత్వ పెద్దది. ఇట్లాంటివి మూసి మీద ఇంకా ఉన్నాయి. నిజాం కాలం నాటి ఆసిఫ్‌నహర్ కాలువ కూడా మూసి నీళ్లనే నల్గొండ దిక్కు తీసుకుపోతుంది. పెద్ద ప్రాజెక్టుల పేర్లు అందరికీ తెలుసు గానీ ఈ కత్వల పేర్లు వాటి కింద మడి ఉన్నవాళ్లకే తెలుసు.

నాయిన రంగు ఎందుకు అడిగాడో చెప్పాలి. ఆయన లెక్కలో మూసి ఒక్క ఏరు కాదు, రెండు. ఎర్ర నీళ్లు వస్తే అది వాన నీరు, పై నుంచి వచ్చింది. నల్ల నీళ్లు వస్తే పట్నం, అంటే హైదరాబాద్ నీరు. ఆయన చిన్నప్పుడు నల్ల నీళ్లు తెలియవు. సంక్రాంతి దాటాక ఏరు సన్నబడేది. ఎండాకాలం ఇసుక మాత్రమే. ఆ ఇసుకలో చేత్తో చెలిమ తవ్వితే అరగంటలో కొబ్బరినీళ్ల లాంటి నీళ్లు ఊరేవట. ముంతతో తోడుకుని తాగేవాళ్లు. మడుగుల్లో కొర్రమట్టలు. వానాకాలం ఆబి పంట ఖాయం, యాసంగి తాబి పంట దేవుడి దయ.

ఇప్పుడు ఏడాది పొడుగునా నీళ్లే. మే నెలలో కూడా కత్వ మీద నుంచి దూకుతూనే ఉంటాయి, తెల్లటి నురగతో. దూరం నుంచి ఫొటో తీస్తే మంచు అనుకుంటారు. చెలిమ తవ్వడానికి ఇసుక లేదు, అది లారీలెక్కి ఎప్పుడో వెళ్లిపోయింది. ఉన్నా ఆ నీళ్లు ఎవరూ నోట్లో పోసుకోరు. నాట్లకు వచ్చే ఆడవాళ్లు మూసి మడి అంటే కూలి ఎక్కువ అడుగుతారు, అడగడం న్యాయమే. సాయంత్రానికి కాళ్లు దురద, గోళ్ల సందులు పాస్తాయి. వరి మాత్రం ఏపుగా పెరుగుతుంది. యూరియా వేయకపోయినా నల్లగా, ఎత్తుగా లేస్తుంది, గాలి కొడితే పడిపోతుంది. మా ఇంటి తిండి గింజలకు బోరు కింద మడి వేరే ఉంది. అమ్మే వడ్లు మూసి మడివి. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది, కానీ నిజం.

అయినా మూసిని తిట్టడానికి నాకు నోరు రాదు. మా పాత నల్గొండ జిల్లాలోనే మునుగోడు, మర్రిగూడ దిక్కు నా చుట్టాలు ఉన్నారు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర పోయిన మనుషులను చూస్తూ పెరిగాను. బోర్లు వేసి వేసి భూములమ్మిన వాళ్లను చూశాను. కరువు ఏడాదిలో వాళ్లు మా ఊరికి వచ్చి కాలువ గట్టు మీద నిలబడి, "మీకేందిరా, వాసనైతే వచ్చింది గాని నీళ్లున్నయి" అనేవారు. ఆ మాటకు ఏం జవాబు చెప్తాం?

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలకు వాడపల్లి పోయాం, నేను, అమ్మ, నాయిన. దామరచర్ల మండలంలో మూసి వెళ్లి కృష్ణలో కలిసేది అక్కడే. సంగమం దగ్గర మీనాక్షీ అగస్త్యేశ్వర స్వామి గుడి. లింగం మీద ఒక గుంట, అందులో ఎప్పుడూ నీళ్లు. బోయవాడు తరుముతుంటే పిట్ట వచ్చి శివుణ్ణి శరణు కోరిందట. నీ ఆకలికి నా తల తిను అన్నాడట శివుడు. బోయవాడి వేళ్లు దిగిన చోట గాయం కడగడానికి గంగ వచ్చిందట. ఆ పక్కనే నరసింహస్వామి గుడిలో రెండు దీపాలు, ఒకటి కదలకుండా, ఒకటి స్వామి ఊపిరికి అల్లాడుతూ. అమ్మ దీపం దగ్గర నుంచి కదల్లేదు. నాయిన స్నానం అయ్యాక మెట్ల మీద కూర్చుని నీళ్లనే చూస్తున్నాడు.

"మన కత్వ దగ్గర దుంకిన నీళ్లేరా ఇవి," అన్నాడు. "ఇక్కడ మునిగితే పుణ్యమంట. మన దగ్గర దిగితే దురద."

మా కత్వ నుంచి వాడపల్లి దాకా మధ్యలో చెప్పాల్సింది సోలిపేట. కేతేపల్లి, సూర్యాపేట మధ్య మూసి ప్రాజెక్టు. 1963లో పూర్తయింది, నిండితే 645 అడుగుల మట్టం, 4.46 టీఎంసీల నీళ్లు, కుడి ఎడమ కాలువలు. కడుతున్నప్పుడు మా తాత అక్కడ మట్టి మోశాడు. 2019 అక్టోబర్‌లో ఒక గేటు కొట్టుకుపోయి నిండు ప్రాజెక్టులో నీళ్లు కిందికి పోయినప్పుడు, ఇంట్లో చావు కబురు విన్నట్టు కూర్చున్నాడు నాయిన. ఆయన ఆ గేట్ల కింద ఎప్పుడూ ఎకరం కూడా సాగు చేయలేదు. నీళ్లు వృథా పోవడం నీరటికి తట్టుకోవడం కష్టం, అది ఎవరి నీళ్లయినా సరే.

సంగెం వరద తర్వాత ఆయనకు ఒక ధ్యాస పట్టుకుంది. పై నీళ్లు ఎక్కడ పుడుతున్నయో చూడాలని. కాశీ పోదాం అంటే రానన్న మనిషి వికారాబాద్ పోదాం అని రెండేళ్లు అడిగాడు. చివరికి ఒక ఆగస్టు నెలలో, బండికి సెలవు దొరికిన రోజున, మా బావమరిది కారు అడిగి తీసుకుని బయలుదేరాం. రింగురోడ్డు మీద సగం హైదరాబాద్ చుట్టి, మొయినాబాద్, చేవెళ్ల, మన్నెగూడ. చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల కింద కారు ఆపమన్నాడు. "ఈ నీడకు ఎంతమంది రైతులు పండుకోవచ్చురా" అని లెక్కపెట్టాడు. అమ్మ కట్టిచ్చిన సద్దిలో సగం అక్కడే అయిపోయింది.

అనంతగిరి కొండ ఎక్కి అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర దిగాం. కోతులు, చినుకులు, ఉడకబెట్టిన మక్కబుట్టల వాసన. గుడి కిందికి మెట్లు దిగితే గుండం, దాన్ని దాటి చెట్ల మధ్య నుంచి జారిపోయే చిన్న వాగు. ముచుకుంద మహర్షి ఇక్కడి గుహలో నిద్రపోయాడని కథ. కాలయవనుణ్ణి కృష్ణుడు ఆ గుహలోకి రప్పించుకుని, నిద్ర చెడగొట్టించి, ముచుకుందుడి చూపుతో భస్మం చేయించాడు. తర్వాత మహర్షి కృష్ణుడి కాళ్లు కడిగితే ఆ నీళ్లే ముచుకుంద నది అయ్యాయట. ముచుకుంద అరిగి అరిగి మూసి అయిందంటారు. పట్నంలో పాతబస్తీ వాళ్లను అడిగితే మూసా అనే వాగు, ఈసా అనే వాగు కలిసి మూసి అయిందంటారు. మూసా ప్రవక్త, ఈసా ప్రవక్త. నాకు రెండూ ఇష్టమే.

నాయిన వాగు దగ్గరికి వెళ్లి ఒక కాలు ఈ గట్టున, ఒక కాలు ఆ గట్టున పెట్టి నిలబడ్డాడు.

"గిదేనా? సంగెం కాడ బ్రిడ్జి ముంచింది గిదేనా?"

తర్వాత వంగి దోసిట్లో పట్టుకున్నాడు. రంగు చూశాడు. రంగు లేదు. తాగాడు. చెలిమ నీళ్లు తాగిన తర్వాత నలభై ఏళ్లకు మళ్లీ మూసి నీళ్లు తాగాడు మా నాయిన. నన్ను తాగమన్నాడు. నేను పైన కోతులు ఉన్నాయని ఆలోచించాను, నిజం చెప్తున్నా. ఆయన చూపు చూసి రెండు గుక్కలు తాగాను. ఖాళీ అయిన లీటరు సీసాలో నింపుకుని మూత గట్టిగా బిగించాడు.

కిందికి వచ్చి చాయ్ తాగుతుంటే హోటలాయన ఒక మాట చెప్పాడు. కొండకు ఈ దిక్కు పడిన వాన మూసికి పోతుంది, ఆ దిక్కు పడింది తాండూరు మీదుగా కాగ్నాకు పోతుందని. నాకు మ్యాపులు చూసే పిచ్చి ఉంది, పాలకేంద్రం దగ్గర లైన్‌లో రెండు గంటలు నిలబడేవాడికి వేరే పని ఏముంటుంది. ఫోన్ తీసి నాయినకు చూపించాను. కాగ్నా కర్ణాటకకు పోయి భీమలో కలుస్తుంది. భీమ వచ్చి నారాయణపేట జిల్లా సరిహద్దులో, తంగిడి దగ్గర కృష్ణలో కలుస్తుంది. మహాబలేశ్వరంలో పుట్టిన కృష్ణ తెలంగాణలో అడుగు పెట్టేది కూడా అక్కడే. ఆ నీళ్లు జూరాల దాటి, బీచుపల్లి దాటి, శ్రీశైలం, నాగార్జునసాగర్ దాటి వాడపల్లికి వస్తాయి. అంటే ఒకే కొండ మీద పక్కపక్కన పడిన రెండు చినుకుల్లో ఒకటి తూర్పుకు, ఇంకోటి పడమరకు పోయి, పాలమూరు జిల్లాను మొత్తం చుట్టి, చివరికి వాడపల్లి సంగమంలో కలుసుకుంటాయి.

నాయిన ఫోన్‌లో నీలం గీతను వేలితో తడుముతూ, "మరి మనది ఏ చినుకురా?" అన్నాడు.

ఆ జవాబు తిరుగు ప్రయాణంలో దొరికింది. గండిపేట కట్ట మీద ఆగాం. 1908 సెప్టెంబర్ 28న మూసి పొంగి పట్నాన్ని ముంచింది. పైనున్న వందల చెరువులు ఒకదాని మీద ఒకటి తెగి వచ్చిన వరద అది. 15 వేల మంది దాకా చనిపోయారంటారు. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. అట్లాంటి వరద మళ్లీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో, ఏడో నిజాం కాలంలో, మూసి మీద గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్ 1920లో కట్టారు. ఈసీ వాగు, అంటే పైన చెప్పిన ఈసా, దాని మీద హిమాయత్‌సాగర్ 1927లో. వరద ఆపడానికి కట్టిన చెరువులు పట్నానికి తాగునీళ్లు కూడా ఇచ్చాయి. గండిపేట నీళ్లు తాగినవాడు పట్నం వదిలిపోడు అని అందుకే అంటారు. రెండు ఏర్లు లంగర్‌హౌస్ దగ్గర బాపూఘాట్‌లో కలుస్తాయి, గాంధీ అస్థికలు కలిపిన చోటు.

నాయిన గేట్లన్నీ చూశాడు. ఒక్కటీ తెరిచి లేదు. గేటు కింద రాళ్ల మీద గడ్డి.

"తూము బందు పెట్టిండ్లు," అన్నాడు. "పై తూము బందుంటే కింది మడికేం పోతది?"

అంతే. డెబ్బై దాటిన నీరటికి ఒక్క చూపుతో అర్థమైంది, నాకు పదకొండేళ్లు ఏటి పొంట బండి నడిపినా తట్టలేదు. అనంతగిరిలో పుట్టిన మూసి గండిపేటలో అయిపోతుంది. పెద్ద వాన పడి గేట్లెత్తిన రోజున మాత్రమే ఆ ఏరు మా దాకా వస్తుంది. మిగతా రోజుల్లో మా దగ్గరికి వచ్చేది పేరుకే మూసి.

మరి ఏడాది పొడుగునా కత్వ మీద దూకేది ఏంటి? పట్నం తాగి పారబోసిన నీళ్లు. పట్నానికి గండిపేట ఎప్పుడో చాలకుండా పోయింది. మంజీర తెచ్చుకున్నారు, గోదావరి తెచ్చుకున్నారు, కృష్ణ తెచ్చుకున్నారు. కృష్ణ నీళ్లు మన నల్గొండ జిల్లా నుంచే పోతాయి. సాగర్ వెనక పుట్టంగండి దగ్గర పైకెత్తి, అక్కంపల్లి రిజర్వాయర్‌లో పోసి, కోదండాపూర్‌లో శుద్ధి చేసి, పెద్ద పెద్ద పైపుల్లో పట్నం పంపుతారు. 2004లో మొదటి దశ, తర్వాత ఇంకో రెండు. మూడూ కలిపి ఏడాదికి 16.5 టీఎంసీలు, అంటే సోలిపేట ప్రాజెక్టు మూడున్నర సార్లు నింపినా ఇంకా మిగులుతాయి. అవి కుళాయిల్లో పడి, స్నానాల గదుల్లో, వంటింట్లో, ఫ్యాక్టరీల్లో తిరిగి, నాలాల్లో పడి, మూసిలోకి వస్తాయి. నాగోలు, పీర్జాదిగూడ దగ్గర ఆ నీళ్లతో గడ్డి పెంచి పట్నం బర్లకు అమ్ముతారు. రుద్రవెల్లి దాటి, సంగెం దాటి, మా కత్వ, మా చెరువు, మా మడి, సోలిపేట, వాడపల్లి. మళ్లీ కృష్ణ. సాగర్ పైన ఎత్తుకున్నది సాగర్ కింద కలుపుతున్నారు, మధ్యలో మా పొలాల మీదుగా.

కార్లో ఇదంతా చెప్తే నాయిన చాలాసేపు నవ్వాడు. "అయితే ఆ కాగ్నా చినుకు కూడ మన మళ్లెకే వస్తదన్న మాట. సక్కగ రాక, పట్నం పోయి పాయకాన్లల్ల తిరిగి వస్తది."

పట్నంలో మూసి సుందరీకరణ అని టీవీల్లో చర్చ వచ్చినప్పుడల్లా మా ఊరి కల్లు కాంపౌండులో కూడా చర్చ జరుగుతుంది. అక్కడి వాళ్ల భయం ఇళ్లు పోతాయని. ఇక్కడి వాళ్ల భయం నీళ్లు పోతాయని. శుభ్రం చేస్తామని ఆ నీళ్లను అక్కడే వాడేసుకుంటే మాకేం మిగులుతుంది అని ఒకడంటాడు. కంపు పోతే చాలు అని ఇంకొకడు. నా మట్టుకు నాకు, నీళ్లు ఆపమని అడగను. కడిగి పంపమని అడుగుతాను. ఇంటికొచ్చిన చుట్టానికి ఎంగిలి కంచంలో వడ్డించరు కదా. ఒడ్డున బెంచీలు, రంగు లైట్లు తర్వాత పెట్టుకోవచ్చు. ముందు మా కత్వ మీద నురగ పోవాలి.

సీసా సంగతి చెప్పలేదు. నాయిన ఇంటికి రాగానే దాన్ని దేవుడి గూట్లో పెట్టాడు. వచ్చిన వాళ్లందరికీ చూపించేవాడు, "మూసి నీళ్లు, అసలైనయి" అని. ఎవరూ నమ్మేవాళ్లు కాదు, తెల్లగా ఉన్నాయి కాబట్టి. పక్కింటాయన మూత తీసి వాసన చూసి, "బిస్లేరి" అని తేల్చేశాడు. దాంతో నాయిన మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

దసరాకు అమ్మ ఇల్లు కడిగింది. గూట్లో దుమ్ము పట్టిన సీసా కనిపించింది, పాత నీళ్లనుకుంది. పారబోయడానికి మనసొప్పక, పాకలో కట్టేసిన దుడ్డె ముందు తొట్టిలో పోసింది. నాయిన సాయంత్రం చూసుకుంటే సీసా తీగెకు బోర్లా వేలాడుతోంది, ఆరడానికి.

"ఏమేయ్, గవి గండిపేటకు పోవాల్సిన నీళ్లు. పట్నపోళ్లు తాగేటి నీళ్లు తీసుకపొయ్యి దుడ్డెకు తాపినవా?"

అమ్మ చీపురు ఆపకుండానే అంది: "అయితే ఏమాయె. దానికి దూప కాదా?"